చిన్న గ్యాస్ పొయ్యి

చిన్న గ్యాస్ పొయ్యి అనగా ఒక చోటి నుండి మరొక చోటికి సులభంగా తీసుకుపోగలిగిన, ద్రవీకృత పెట్రోలియం వాయువు (ఎల్.పి.జి.) తో పనిచేసే వంట సాధనం. పర్వతారోహకులు, యాత్రికులు, విహారయాత్రలకు వెళ్ళేవారు దీనిని వాడతారు. భారతదేశంలో మాత్రం దీనిని ఎక్కువగా వాడేది పని కోసం ఊరు విడిచి వచ్చిన కార్మికులు, గదులు అద్దెకు తీసుకొని చదువుకొనే విద్యార్థులు, తోపుడుబండ్లపై వ్యాపారం చేసుకొనేవారు. తెలంగాణలోని సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్ వంటి పారిశ్రామిక ప్రాంతాలలో ఈ పొయ్యి నిత్యావసర వస్తువు. సిలిండరును వాడుకలో 'గ్యాస్ బండ' అనీ, చిన్నదానిని 'చిన్న బండ' అనీ అంటారు.

పొయ్యి చిన్నదైనా అందులోని ఇంధనం పెద్ద సిలిండరులో ఉండేదే. దానిని వాడే చోటు తరచుగా ఒకే గది కావడం, వంట, నిద్ర, సామాను అన్నీ అక్కడే ఉండడం వలన చిన్న పొయ్యికి పెద్ద పొయ్యి కంటే ఎక్కువ జాగ్రత్త అవసరమవుతుంది.

చరిత్ర

తేలికగా మోసుకుపోగల పొయ్యిలలో మొదట ప్రసిద్ధి పొందినది కిరోసిన్‌తో పనిచేసే ప్రైమస్ పొయ్యి. దీనిని 1892లో స్వీడన్‌కు చెందిన ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ రూపొందించాడు. గాలి కొట్టి వెలిగించే 'పంపు స్టవ్వు' తెలుగు ఇళ్ళలో చాలా కాలం కనిపించింది. ఫ్రాన్సులో 1949లో మొదలైన క్యాంపింగ్‌గాజ్ సంస్థ గ్యాసు నింపిన చిన్న డబ్బాలను యాత్రికులకు అలవాటు చేసింది. జపాన్‌కు చెందిన ఇవతానీ సంస్థ 1969లో రబ్బరు గొట్టం అవసరం లేని, డబ్బాను పొయ్యి లోపలే అమర్చే బల్లపై పొయ్యిని విడుదల చేసింది.

భారతదేశంలో వంటగ్యాసు అమ్మకం 1955లో బొంబాయిలో బర్మా షెల్ సంస్థతో మొదలయింది. ఇండియన్ ఆయిల్ సంస్థ 'ఇండేన్' పేరుతో 1965లో కలకత్తాలో సరఫరా ప్రారంభించింది. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 1999లో మొదలయిన దీపం పథకం వలన పల్లెలలోని పేద కుటుంబాలకు కూడా గ్యాసు కనెక్షన్లు అందాయి. అయితే కనెక్షను పొందడానికి చిరునామా ఋజువు చూపవలసి ఉండేది. తరచుగా గదులు మారే కార్మికులకు, విద్యార్థులకు ఇది సాధ్యం కాక, వారు అంగళ్ళలో దొరికే ప్రమాణాలు లేని చిన్న బండలను కొని, అనుమతి లేని చోట్ల గ్యాసు నింపించుకోవడం అలవాటయింది. ఈ లోటును తీర్చడానికి ప్రభుత్వ రంగ చమురు సంస్థలు 2013 అక్టోబరులో 5 కిలోల సిలిండరును చిరునామా ఋజువు లేకుండా అమ్మడం ప్రారంభించాయి. మొదట కొన్ని మహానగరాలలోని పెట్రోలు బంకులలో మొదలయిన ఈ అమ్మకం తరువాత ఇతర ప్రాంతాలకు విస్తరించింది. ఇండియన్ ఆయిల్ తన 5 కిలోల సిలిండరుకు 2020 డిసెంబరులో 'ఛోటూ' అని పేరు పెట్టింది. గుర్తింపు కార్డు చూపి దీనిని కొనవచ్చు.

పొయ్యిలలో రకాలు

వాడుకలో ఉన్న చిన్న గ్యాస్ పొయ్యిలను ప్రధానంగా నాలుగు రకాలుగా చెప్పవచ్చు.

* బండపై పొయ్యి: చిన్న సిలిండరు తలపైనే బర్నరును బిగించి, దానిపై గిన్నె పెట్టే రకం. కార్మికుల గదులలో, తోపుడుబండ్లపై ఎక్కువగా కనిపించేది ఇదే. మంటకు, గ్యాసుకు మధ్య జానెడు దూరం మాత్రమే ఉండడం, బరువు పైన ఉండడం వలన పక్కకు ఒరగడం దీని లోపాలు.
* గొట్టంతో కలిపే పొయ్యి: 5 కిలోల సిలిండరుకు రెగ్యులేటరు, రబ్బరు గొట్టం అమర్చి, విడిగా ఉన్న పొయ్యికి కలిపేది. ఇది ఇంటి పొయ్యికి చిన్న రూపం. నాలుగింటిలో గదిలో వాడడానికి తగినది ఇదే.
* డబ్బా లోపల అమరే పొయ్యి: సుమారు 220 గ్రాముల బ్యూటేన్ ఉన్న పొడవాటి డబ్బాను పొయ్యి పక్క అరలో అడ్డంగా అమర్చేది. డబ్బా అంచుపై ఉన్న గాడి, పొయ్యిలోని గుర్తుతో సరిగా కలవాలి.
* మర డబ్బా పొయ్యి: పర్వతారోహకులు వాడేది. 100, 230 లేదా 450 గ్రాముల గ్యాసు ఉన్న గుండ్రని డబ్బాపై మరతో బిగించే చిన్న బర్నరు.

గ్యాసు లక్షణాలు

వంటగ్యాసు ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువుల మిశ్రమం. మామూలు ఉష్ణోగ్రత వద్ద ఇవి వాయువులే అయినా ఒత్తిడికి గురిచేస్తే ద్రవంగా మారతాయి. ఒక లీటరు ద్రవం బయటికి వస్తే సుమారు 250 లీటర్ల వాయువు అవుతుంది. చిన్న సిలిండరులో ఎన్నో రోజులకు సరిపడే ఇంధనం పట్టడానికి కారణం ఇదే. చిన్న లీకు కూడా ప్రమాదకరం కావడానికి కారణం కూడా ఇదే.

ఈ వాయువు గాలికంటే ఒకటిన్నర నుండి రెండు రెట్లు బరువైనది. కాబట్టి లీకయిన గ్యాసు పైకి లేచి పోదు. నేలపై పరచుకొని, మూలలలో, మంచం కింద, మురుగు కాలువలలో నిలిచి ఉంటుంది. సహజంగా దీనికి వాసన లేదు. లీకును గుర్తించడానికి ఇథైల్ మెర్‌కాప్టన్ అనే ఘాటైన వాసన గల పదార్థాన్ని కలుపుతారు.

గాలిలో ఈ గ్యాసు సుమారు 2 శాతం నుండి 9.5 శాతం వరకు ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే అంటుకొంటుంది. దీని అర్థాన్ని ఒక ఉదాహరణతో తెలుసుకొనవచ్చు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గల గది ఘనపరిమాణం సుమారు 28 ఘనపు మీటర్లు. గది అంతటా గ్యాసు సమానంగా కలిస్తే, మండే స్థితికి చేరడానికి సుమారు 1.25 కిలోల గ్యాసు కావాలి. కాని బరువైన వాయువు కావడం వలన అది మొదట నేలకు దగ్గరగా చేరుతుంది. నేల నుండి ఒక అడుగు ఎత్తు వరకు మాత్రమే చూస్తే సుమారు 125 గ్రాములు చాలు. చేతిలో పట్టే డబ్బాలోని గ్యాసు కూడా ఇంతకంటే ఎక్కువే. నేలపై పడుకొనేవారు ఉండేది ఈ పొరలోనే.

లీకయిన గ్యాసు నేలను అంటిపెట్టుకొని ఎంత దూరం పాకగలదో 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నంలోని హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధి కర్మాగారంలో జరిగిన ప్రమాదం చూపింది. అక్కడ లీకయిన ఎల్.పి.జి. మేఘంలా పరచుకొని అంటుకోగా సుమారు 60 మంది మరణించారు. గదిలో జరిగేది దీనికి చిన్న రూపం మాత్రమే, పద్ధతి ఒకటే.

చలి ప్రభావం

సాధారణ బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ కింద, ప్రొపేన్ సున్నాకు 42 డిగ్రీల సెల్సియస్ కింద మరుగుతాయి. అందువలన శీతాకాలంలో లంబసింగి వంటి చలి ప్రదేశాలలో కేవలం బ్యూటేన్ ఉన్న డబ్బా సరిగా మండదు. ప్రొపేన్ కలిసిన డబ్బా పనిచేస్తుంది. మండుతున్నప్పుడు ద్రవం ఆవిరి కావడానికి కావలసిన వేడిని డబ్బా నుండే తీసుకొంటుంది కాబట్టి డబ్బా చల్లబడి, దానిపై నీటి బిందువులు, ఒక్కోసారి మంచు కనిపిస్తాయి. ఇది లోపం కాదు. మంట తగ్గిందని డబ్బాను మంటపై కాచడం, వేడినీటిలో ముంచడం, తలకిందులు చేయడం ప్రాణాంతకం. తలకిందులు చేస్తే ఆవిరికి బదులు ద్రవమే బర్నరులోకి వచ్చి మంట ఎగసిపడుతుంది.

పాశమైలారం ప్రాంతంలో వాడుక

పాశమైలారం పటాన్‌చెరు మండలంలోని గ్రామం. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడక ముందు ఇది మెదక్ జిల్లాలో ఉండేది. 65వ నంబరు జాతీయ రహదారికి (ముంబై రహదారి) దగ్గరలో ఉన్న ఇక్కడి పారిశ్రామికవాడలో ఔషధ, రసాయన, ఇంజనీరింగు, ప్లాస్టిక్ పరిశ్రమలున్నాయి. వీటిలో తెలుగువారితో పాటు బీహార్, ఒడిషా, ఉత్తర ప్రదేశ్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల నుండి వచ్చిన కార్మికులు పనిచేస్తున్నారు. వీరిలో చాలామంది చుట్టుపక్కల గ్రామాలలో వరుస గదులలో కలిసి ఉంటూ స్వయంగా వండుకొంటారు.

ఇటువంటి గదులలో చిన్న గ్యాస్ పొయ్యి వాడకాన్ని ప్రమాదకరం చేసే పరిస్థితులు కొన్ని ఉన్నాయి.

* షిఫ్టుల పని: ఒకరు రాత్రి పనికి పోయి ఉదయం వచ్చి వండుకొంటుండగా మరొకరు అదే గదిలో నిద్రపోతుంటారు. నిద్రలో ఉన్నవారు గ్యాసు వాసనను గుర్తించలేరు.
* ఒకే ద్వారం: వరుస గదులకు సాధారణంగా ఒకే తలుపు ఉంటుంది. పొయ్యిని ఆ తలుపు పక్కనే పెడితే, మంట లేచినప్పుడు బయటపడే దారి మూసుకుపోతుంది.
* భాష: సిలిండరుపైన, డబ్బాపైన ఉన్న హెచ్చరికలు ఇంగ్లీషులోనో, హిందీలోనో ఉంటాయి. ఒడియా, బెంగాలీ, తెలుగు మాత్రమే చదవగలవారికి అవి ఉపయోగపడవు. గది యజమాని లేదా తోటివారు నోటితో చెప్పడమే మార్గం.
* ముక్కుకు అలవాటు: రసాయన పరిశ్రమలలో రోజంతా ఘాటైన వాసనల మధ్య పనిచేసినవారు గ్యాసు వాసనను తేలికగా తీసుకొనే అవకాశం ఉంది. జలుబు చేసినప్పుడు కూడా వాసన తెలియదు. కాబట్టి వాసనపైనే ఆధారపడక సబ్బునీటితో పరీక్షించడం మంచిది.

పరిశ్రమ ఆవరణలో చిన్న పొయ్యిని వెలిగించడం పూర్తిగా వేరే స్థాయి ప్రమాదం. టోలుయిన్, మిథనాల్, ఎసిటోన్ వంటి ద్రావకాల ఆవిర్లు కూడా గాలికంటే బరువైనవే. అవి నేల వెంట పాకి దూరంలో ఉన్న మంటను అందుకోగలవు. టీ కాచుకోవడానికైనా పరిశ్రమ అనుమతించిన క్యాంటీనులో తప్ప మరెక్కడా పొయ్యి వెలిగించరాదు.

పాశమైలారం పేరు 2025 జూన్ 30న జరిగిన ప్రమాదం వలన దేశమంతటా తెలిసింది. ఆ రోజున సిగాచి ఇండస్ట్రీస్ కర్మాగారంలో సంభవించిన పేలుడులో 40 మందికి పైగా మరణించారు. మృతులలో అనేకులు ఇతర రాష్ట్రాల కార్మికులు. ఆ సంఘటనకు వంటగ్యాసుతో సంబంధం లేదు. పరిశ్రమలోని ప్రమాదాలను నివారించడం కార్మికుని చేతిలో పూర్తిగా ఉండదు. గదిలోని పొయ్యి విషయంలో మాత్రం చాలా వరకు వాడేవారి చేతిలోనే ఉంటుంది.

అక్రమంగా నింపడం

చిన్న బండల ప్రమాదాలకు ఒక ముఖ్య కారణం అనుమతి లేని అంగళ్ళలో పెద్ద సిలిండరు నుండి చిన్నదానిలోకి గ్యాసు నింపడం. ఇందుకోసం పెద్ద సిలిండరును తలకిందులుగా నిలిపి, గొట్టంతో చిన్నదానికి కలిపి ద్రవాన్ని దింపుతారు. దీనిలోని ప్రమాదాలు మూడు.

మొదటిది, నింపుతున్నప్పుడే గ్యాసు బయటికి పోయి అంగడిలో అంటుకోవడం.

రెండవది, అధికంగా నింపడం. కర్మాగారంలో సిలిండరును ఎప్పుడూ పూర్తిగా నింపరు. ఉదాహరణకు 5 కిలోల సిలిండరులో సుమారు 12 లీటర్ల నీరు పడుతుంది. 5 కిలోల ద్రవ గ్యాసు సుమారు 9 లీటర్లు మాత్రమే ఆక్రమిస్తుంది. మిగిలిన ఖాళీ ఆవిరి కోసం, ఎండకు ద్రవం వ్యాకోచించడం కోసం వదిలినది. వేడికి ఈ ద్రవం నీటికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. ఖాళీ లేకుండా నింపిన బండను ఎండలో పెడితే ద్రవం వ్యాకోచించడానికి చోటు లేక లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి బండ పగలవచ్చు. అంగడిలో తూకం సరిగా చూడకపోతే ఎంత నిండినదీ తెలియదు.

మూడవది, సిలిండరు నాణ్యత. ప్రమాణాలు లేని బండల రేకు పలుచగా, అతుకు బలహీనంగా, వాల్వు నాసిరకంగా ఉండవచ్చు. వాటికి మళ్ళీ పరీక్షలు జరగవు. ప్రమాణాల ప్రకారం తయారయిన సిలిండరును చదరపు సెంటీమీటరుకు 25 కిలోల నీటి ఒత్తిడి వద్ద పరీక్షించి బయటికి పంపుతారు.

ఒకసారి వాడి పారవేయడానికి తయారయిన డబ్బాలలో మళ్ళీ గ్యాసు నింపడం మరింత ప్రమాదకరం. వాటి వాల్వు, రబ్బరు వలయం ఒక్కసారి వాడకానికే ఉద్దేశించినవి.

కొనేటప్పుడు చూడవలసినవి

* సిలిండరుపై ఐ.ఎస్.ఐ. గుర్తు, తయారీ సంస్థ పేరు, ఖాళీ బరువు చెక్కి ఉండాలి. ఎల్.పి.జి. అతుకు (వెల్డింగు) ఉక్కు సిలిండర్లకు ఐ.ఎస్. 3196, గ్యాసు పొయ్యిలకు ఐ.ఎస్. 4246, రబ్బరు గొట్టాలకు ఐ.ఎస్. 9573 వర్తించే ప్రమాణాలు.
* సిలిండరు మెడ దగ్గరి పట్టీపై పరీక్ష గడువు ఒక ఇంగ్లీషు అక్షరం, సంవత్సరంతో ఉంటుంది. 'ఎ' అనగా జనవరి-మార్చి, 'బి' అనగా ఏప్రిల్-జూన్, 'సి' అనగా జూలై-సెప్టెంబరు, 'డి' అనగా అక్టోబరు-డిసెంబరు. ఉదాహరణకు 'బి 28' అని ఉంటే 2028 జూన్ నెలాఖరు వరకు గడువు ఉన్నట్లు. గడువు దాటినదానిని తీసుకొనరాదు.
* సీలు చెక్కుచెదరకుండా ఉండాలి. అంగడిలోనే తూకం వేయించుకోవాలి. ఖాళీ బరువుకు గ్యాసు బరువు కలిపితే మొత్తం సరిపోవాలి.
* సీలు తీసిన తరువాత వాల్వు లోపల రబ్బరు వలయం ఉన్నదీ లేనిదీ చూడాలి. అది పగిలినా, లేకపోయినా గ్యాసు లీకవుతుంది.
* డబ్బా అయితే తుప్పు, సొట్ట, ఉబ్బు ఉన్నదానిని కొనరాదు. డబ్బా రకం, పొయ్యి రకం ఒకటే కావాలి. సరిపడని డబ్బాను బలవంతంగా బిగించరాదు.

వాడే పద్ధతి

చోటు: పొయ్యిని గాలి ఆడే చోట, సమతలంగా, గట్టిగా ఉన్న నేలపై లేదా బల్లపై ఉంచాలి. పరుపు, దుప్పటి, దండెంపై ఆరవేసిన బట్టలు, కాగితపు అట్టలు కనీసం మూడడుగుల దూరంలో ఉండాలి. పొయ్యికి తలుపుకు మధ్య మనిషి ఉండేలా, అనగా వండేవారు తలుపు వైపు ఉండేలా చూసుకోవాలి.

బిగించడం: రెగ్యులేటరు లేదా డబ్బాను అమర్చేటప్పుడు దగ్గరలో దీపం, అగరువత్తి, బీడీ, వెలుగుతున్న మరో పొయ్యి ఉండరాదు. రెగ్యులేటరు మీటను, పొయ్యి పిడిని మూసిన స్థితిలో ఉంచి బిగించాలి. తరువాత అతుకుల వద్ద సబ్బునీరు పూసి గ్యాసు విప్పాలి. బుడగలు వస్తే లీకు ఉన్నట్లు. అగ్గిపుల్ల గీసి లీకును పరీక్షించరాదు.

వెలిగించడం: ముందు అగ్గిపుల్లను లేదా లైటరును సిద్ధం చేసుకొని, ఆ తరువాత గ్యాసు విప్పాలి. మొదట వెలగకపోతే పిడిని మూసి, పోగయిన గ్యాసు చెదిరిపోవడానికి కొద్ది నిముషాలు ఆగి మళ్ళీ ప్రయత్నించాలి.

వండడం: వండుతున్నంత సేపూ ఎవరో ఒకరు దగ్గర ఉండాలి. డబ్బా లోపల అమరే పొయ్యిపై, అరను కప్పేటంత పెద్ద గిన్నెను లేదా పెనాన్ని పెట్టరాదు. గిన్నె అడుగు నుండి వేడి వెనుదిరిగి డబ్బాను కాచుతుంది. రెండు పొయ్యిలను పక్కపక్కన చేర్చి ఒకే పెద్ద గిన్నె పెట్టడం కూడా ఇదే కారణంగా ప్రమాదం. గాలి వీస్తున్నదని పొయ్యి చుట్టూ రేకును పూర్తిగా చుట్టరాదు. బండపై పొయ్యికి బరువైన గిన్నెలు పనికిరావు.

ముగించడం: ముందు రెగ్యులేటరు మూసి, గొట్టంలో మిగిలిన గ్యాసు మండిపోయిన తరువాత పొయ్యి పిడిని మూయాలి. డబ్బా పొయ్యి అయితే చల్లారిన తరువాత డబ్బాను విప్పి తీయాలి. రబ్బరు గొట్టాన్ని ఐదేళ్ళకు ఒకసారి, పగుళ్ళు కనిపిస్తే వెంటనే మార్చాలి. గొట్టానికి టేపు చుట్టడం మరమ్మత్తు కాదు.

మూసిన గదిలో విషవాయువు

గ్యాసు మండడానికి చాలా గాలి కావాలి. ఒక పరిమాణం ప్రొపేన్‌కు సుమారు 24, బ్యూటేన్‌కు సుమారు 31 పరిమాణాల గాలి అవసరం. గాలి చాలినప్పుడు నీలిమంట వస్తుంది. చాలనప్పుడు మంట పసుపుపచ్చగా మారి, గిన్నె అడుగున మసి పట్టి, కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దీనికి రంగు, వాసన లేవు. ఇది రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా కలుస్తుంది. తలనొప్పి, వికారం, మగత, అయోమయం దీని లక్షణాలు. నిద్రలో ఉన్నవారు మేలుకోకుండానే మరణించవచ్చు.

2020 జనవరిలో నేపాల్‌లోని దామన్ అనే చోట విడిదిలో బస చేసిన ఎనిమిది మంది కేరళ యాత్రికులు చలి కాచుకోవడానికి గ్యాసు హీటరు పెట్టుకొని, తలుపులు కిటికీలు మూసి నిద్రపోయి మరణించారు. వంట పొయ్యితో చలి కాచుకోవడం, గుడారం లోపల పొయ్యి వెలిగించడం, దోమల కోసమో చలి కోసమో కిటికీ మూసి వండడం ఇదే ప్రమాదానికి దారి తీస్తాయి.

నిలువ చేయడం

* సిలిండరును ఎప్పుడూ నిటారుగా నిలబెట్టాలి. ఖాళీ అయినదానికి కూడా ప్లాస్టిక్ మూత పెట్టాలి. ఖాళీ అనుకొన్న సిలిండరులో కొంత గ్యాసు మిగిలే ఉంటుంది.
* మంచం కింద, మెట్ల కింద, గోతిలో, అటక మీద, మూసిన అలమరలో ఉంచరాదు. నేలమట్టం వద్ద గాలి బయటికి పోయే దారి ఉన్న చోట ఉంచాలి.
* పెట్రోలు, థిన్నరు, కిరోసిన్, రంగుల డబ్బాలతో కలిపి ఉంచరాదు. కరెంటు మీటరు, స్విచ్చి బోర్డు, బండి బ్యాటరీ ఛార్జింగు దగ్గర ఉంచరాదు.
* డబ్బాలను 50 డిగ్రీల సెల్సియస్ మించిన వేడికి గురికానీయరాదు. ఎండాకాలంలో తలుపులు మూసి నిలిపిన కారు లోపల ఉష్ణోగ్రత ఈ హద్దును దాటగలదు. రేకుల గది పైకప్పు కింద అటక కూడా అటువంటిదే.
* సెలవులకు ఊరికి పోయేటప్పుడు రెగ్యులేటరును విప్పి, మూత బిగించి వెళ్ళాలి.
* వాడిన డబ్బాను బయలు ప్రదేశంలో పూర్తిగా మండించి ఖాళీ చేసిన తరువాతనే పాత ఇనుముకు వేయాలి. గ్యాసు మిగిలి ఉన్న డబ్బాకు రంధ్రం చేయడం, చెత్తకుప్పలో వేసి కాల్చడం ప్రమాదకరం.

ప్రయాణంలో

రైళ్ళలో గ్యాసు సిలిండరును, పొయ్యి డబ్బాలను తీసుకుపోవడం నిషేధం. రైల్వే చట్టం 1989లోని 67వ సెక్షను ప్రమాదకర వస్తువులను నిషేధిస్తుంది. 164వ సెక్షను ప్రకారం మూడేళ్ళ వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. విమానాలలో గ్యాసు డబ్బాలను చేతిసంచిలో గాని, పెట్టెలో గాని అనుమతించరు.

ఈ నిషేధానికి కారణం 2023 ఆగస్టు 26న మధురై స్టేషను సమీపంలో స్పష్టమయింది. లక్నో నుండి వచ్చిన యాత్రికుల ప్రత్యేక పెట్టె అక్కడ ఆగి ఉండగా, రహస్యంగా తెచ్చుకొన్న సిలిండరుతో తెల్లవారుజామున టీ కాచబోయినప్పుడు మంటలు లేచి తొమ్మిది మంది మరణించారు. పండుగలకు స్వగ్రామాలకు పోయే కార్మికులు చిన్న బండను సామానుతో పాటు రైలెక్కించడం ఎంత ప్రమాదమో ఈ సంఘటన తెలుపుతుంది. వెళ్ళేముందు సిలిండరును అమ్మిన సంస్థ వద్ద అప్పగించడం లేదా గదిలోని తోటివారికి విడిచిపోవడం సరైన పద్ధతి.

అడవులలో విహారానికి వెళ్ళినప్పుడు అటవీశాఖ అనుమతించిన చోట మాత్రమే పొయ్యి వెలిగించాలి. ఎండాకాలంలో ఎండుటాకులపై పెట్టిన పొయ్యి కార్చిచ్చుకు కారణం కావచ్చు.

ప్రమాదం జరిగినప్పుడు

గ్యాసు వాసన వచ్చినప్పుడు:
* స్విచ్చిని వేయరాదు, తీయరాదు. రెండు సందర్భాలలోనూ నిప్పురవ్వ పుడుతుంది. లోపల ఫోను వాడరాదు.
* మంటలుంటే ఆర్పి, రెగ్యులేటరు మూసి, వీలయితే సిలిండరుకు మూత పెట్టి బయలు ప్రదేశానికి చేర్చాలి.
* తలుపులు, కిటికీలు తెరచి, నిద్రపోతున్నవారిని లేపి అందరూ బయటికి రావాలి. వరుస గదులలో పక్క గదివారికి కూడా చెప్పాలి.
* బయటికి వచ్చిన తరువాత గ్యాసు లీకుల అత్యవసర నంబరు 1906కు తెలియజేయాలి.

మంట అంటుకొన్నప్పుడు: గొట్టం లేదా అతుకు దగ్గర చిన్న మంట ఉంటే తడిబట్ట చేతికి చుట్టుకొని రెగ్యులేటరును మూయాలి. గ్యాసు ఆపితే మంట దానంతట అదే ఆరుతుంది. గ్యాసును ఆపకుండా మంటను మాత్రమే ఆర్పితే, బయటికి వస్తున్న గ్యాసు పోగయి తరువాత ఒక్కసారిగా అంటుకొంటుంది. సిలిండరే మంటలలో చిక్కుకొంటే దగ్గరికి పోరాదు. వేడికి ఉక్కు బలహీనపడి, లోపలి ద్రవం ఒత్తిడికి సిలిండరు పగిలి, ద్రవమంతా ఒక్కసారిగా ఆవిరై అగ్నిగోళంగా మారవచ్చు. అందరినీ దూరంగా తరలించి 101 లేదా 112కు ఫోను చేయాలి.

బయటపడే దారి ఎంత ముఖ్యమో 2022 మార్చి 23న సికింద్రాబాదు సమీపంలోని బోయిగూడ పాత సామాను గోదాములో జరిగిన అగ్నిప్రమాదం చూపింది. పై భాగంలో నిద్రిస్తున్న 11 మంది బీహార్ కార్మికులు కిందికి రాలేక మరణించారు. నిద్రించే చోటుకు, మంటలు పుట్టగల చోటుకు మధ్య వేరే దారి ఉండాలనేది గది అద్దెకు తీసుకొనేటప్పుడే చూసుకోవలసిన విషయం.

కాలిన గాయాలపై సుమారు 20 నిముషాల పాటు చల్లని మామూలు నీరు పారేలా పోయాలి. మంచుగడ్డ, టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయరాదు. అంటుకొన్న బట్టను లాగరాదు. శుభ్రమైన పొడిబట్ట కప్పి 108 అంబులెన్సును పిలవాలి. గ్యాసు గదిలో స్పృహ తప్పినవారిని వెంటనే గాలిలోకి తీసుకురావాలి.

చట్టాలు

సిలిండర్ల తయారీ, నింపడం, నిలువ, రవాణా విషయాలను గ్యాస్ సిలిండర్ల నియమావళి 2016 నియంత్రిస్తుంది. దీనిని నాగపూర్ కేంద్రంగా ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ అమలు చేస్తుంది. నిత్యావసర వస్తువుల చట్టం 1955 కింద జారీ అయిన ఎల్.పి.జి. సరఫరా, పంపిణీ ఉత్తర్వు 2000 ప్రకారం ఒక సిలిండరు నుండి మరొకదానికి అనుమతి లేకుండా గ్యాసు మార్చడం నేరం.

చట్టవిరుద్ధమైన రీఫిల్లింగును దాడులతో మాత్రమే అరికట్టడం కష్టం. అరకిలో, కిలో చొప్పున చేతిలో ఉన్న డబ్బుకు తగినంత గ్యాసు కొనుక్కొనే సౌకర్యం అక్కడ ఉంటుంది. అధికారిక 5 కిలోల సిలిండరుకు మొదటిసారి సిలిండరు ధర కూడా చెల్లించవలసి వస్తుంది. గదిలోని నలుగురైదుగురు కలిసి ఒక అధికారిక సిలిండరును కొనుక్కొంటే ఈ భారం తగ్గుతుంది. పొయ్యికి గంటకు సుమారు 150 గ్రాముల గ్యాసు ఖర్చవుతుందనుకొంటే, 5 కిలోలు ముప్పై గంటలకు పైగా మండుతాయి.

ఇవి కూడా చూడండి

* ద్రవీకృత పెట్రోలియం వాయువు
* కార్బన్ మోనాక్సైడ్
* ప్రథమ చికిత్స
* పటాన్‌చెరు
* సంగారెడ్డి జిల్లా